నాలుకకు తెలిసిన అక్షరాలే

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలోనో, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల పల్లెల్లోనో శుక్రవారం పొద్దున నడిచి వెళ్తే ఏదో ఒక రేకుల షెడ్డులోంచి ఉపవాస ప్రార్థన వినిపిస్తుంది. కింద కడప బండలు, మూలన ఒక కీబోర్డు, ఒక డోలక్. ఆడవాళ్లు నెత్తిన కొంగు కప్పుకుని ఒకవైపు, మగవాళ్లు ఇంకోవైపు. ముందు పాట, తర్వాత చప్పట్లు. ఆ తర్వాత ఎవరి ప్రార్థన వాళ్లు గొంతెత్తి చేసుకునే సమయం వస్తుంది.

అప్పుడు ఒకామె గొంతు మారుతుంది. నిన్న సాయంత్రం దాకా పత్తి తీసిన మనిషి. తెలుగు కాదు, ఉర్దూ కాదు, కన్నడం కాదు. 'షబలా రదమా షంతరి లబదా' అని రాస్తే దాని ఛాయ కొంత అందుతుందేమో. వేగం పెరుగుతుంది, నుదుట చెమట పడుతుంది, వేళ్లు వణుకుతాయి. ఐదారు నిమిషాలకు ఉధృతి తగ్గి, 'ఆమేన్' అనే మాటతో ఆగుతుంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని పక్కనున్నామెను అడుగుతుంది: "వదినా, పదకొండు గంటల బస్సు పాయనా?"

పెంతెకొస్తు సంఘంలో దీన్ని 'అన్యభాషలు' అంటారు. ఎవరికైనా తొలిసారి ఈ అనుభవం కలిగితే 'భాషలు వచ్చాయి' అని చెప్పుకుంటారు. విశ్వాసులకు అది పరిశుద్ధాత్మ వరం. బయట నిలబడి చూసేవాళ్లలో కొందరికి నటన, ఇంకొందరికి పిచ్చి. శాస్త్రజ్ఞులు దీనికి గ్రీకు మాటలతో ఒక పేరు కట్టారు: గ్లోసోలాలియా. 'గ్లోసా' అంటే నాలుక, 'లాలియా' అంటే పలకడం. ఆరు దశాబ్దాలుగా భాషా శాస్త్రజ్ఞులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, మెదడు నిపుణులు దీన్ని రికార్డు చేసి, కొలిచి, స్కాన్ తీసి చూశారు. నటన అన్నవాళ్ల మాటా నిలబడలేదు, పిచ్చి అన్నవాళ్ల మాటా నిలబడలేదు. అయితే ఆ ధ్వనుల గురించి సంఘంలో చెప్పుకునే కొన్ని మాటలు కూడా నిలబడలేదు. ఎవరి మాట ఎక్కడ ఆగిందో చూడాలంటే ముందు కలకత్తా వెళ్లాలి.

బెంగాలీ వచ్చిందనుకుని ఓడ ఎక్కినవాళ్లు

పరాయి భాష నేర్చుకోవడం ఎంత కష్టమో కడప ఊరికి బాగా తెలుసు. 1820లో ఇక్కడికి వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ పండితులను ఇంట్లో పెట్టుకుని, తాళపత్రాలు పోగుచేసి, ఏళ్ల తరబడి తెలుగుతో కుస్తీ పట్టాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈనాటి బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఆ శ్రమంతా లేకుండా ఒక్క రాత్రిలో భాష వచ్చేస్తే?

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో చార్లెస్ పర్హామ్ అనే బోధకుడు సరిగ్గా ఇదే నమ్మాడు. 1901 జనవరి 1న టొపీకాలోని ఆయన బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్‌మన్ అనే విద్యార్థిని తెలియని ధ్వనులతో మాట్లాడింది. అది చైనా భాషేనని అక్కడివాళ్లు అనుకున్నారు. ఇక మిషనరీలు వ్యాకరణ పుస్తకాలు ముందేసుకుని కూర్చోనక్కర్లేదని, ఆత్మే భాష ఇచ్చి పంపుతుందని పర్హామ్ ప్రచారం చేశాడు. 1906లో లాస్ ఏంజెలస్‌లోని అజూసా వీధిలో విలియం సేమోర్ నడిపిన కూటాలతో ఆ ఊపు ప్రపంచానికి పాకింది.

ఆ కూటాల్లో అన్యభాషలు పొందినవాళ్లలో ఆల్‌ఫ్రెడ్ గార్ అనే పాస్టర్ ఒకరు. తనకు వచ్చినది భారతీయ భాష అని ఆయన గట్టిగా నమ్మాడు. భార్య లిలియన్‌తో కలిసి ఓడ ఎక్కి 1907 మొదట్లో కలకత్తా చేరాడు. అక్కడ ఆయన పలికిన ధ్వనులు ఏ బెంగాలీకీ అర్థం కాలేదు.

గార్ ఆ సంగతి దాచుకోలేదు. స్థానిక భాషలో బోధించగలిగిన వరం తనకు గానీ, తాను ఎరిగిన మరెవరికి గానీ కనిపించలేదని ఒప్పుకున్నాడు. నమ్మకం వదులుకోలేదు కానీ దాని అర్థాన్ని సవరించుకున్నాడు: ఇది మనుషులతో మాట్లాడే భాష కాదు, దేవుడితో మాట్లాడే భాష. అనుకోకుండా జరిగిన ఈ పరీక్ష ఈ విషయంలో ఇప్పటికీ అన్నిటికన్నా స్పష్టమైనది. ఫలితం తనకు వ్యతిరేకంగా వచ్చినా బయటపెట్టిన ఆ మనిషి నిజాయితీని మెచ్చుకోవాలి.

మన దేశంలో అంతకు ముందే, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905లో 'ఉజ్జీవం' అనే భక్తి కెరటం మొదలైంది. ఏడాదిన్నరకు అన్యభాషలూ వచ్చాయి. ఇంగ్లీషు రాని ఒక అమ్మాయి చక్కని ఇంగ్లీషులో ప్రార్థించడం తాను విన్నానని రమాబాయి రాశారు. సంస్కృతంలో దిట్ట అయిన ఆవిడ మాటను తేలిగ్గా తీసేయలేం. అయితే ఆ ప్రాంగణంలో విదేశీ మిషనరీలు రోజూ ఇంగ్లీషులో ప్రార్థించేవారు. చెవిన పడిన మాటలు మనకు తెలియకుండానే మెదడులో నిల్వ ఉండి, ఏ ఉద్వేగంలోనో బయటపడటం అరుదైనా అసాధ్యం కాదు. 1817లో ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ ఇలాంటి ఉదంతాన్నే రాశాడు. జర్మనీలో చదువురాని పనిమనిషి ఒకామె జ్వరం తీవ్రతలో లాటిన్, గ్రీకు, హీబ్రూ పలికింది. ఆరా తీస్తే, ఆమె చిన్నప్పుడు ఉన్న ఇంట్లో ముసలి పాస్టరు రోజూ పచార్లు చేస్తూ ఆ పుస్తకాలు గట్టిగా చదివేవాడని తేలిందట. ముక్తిలో జరిగింది కూడా ఇదేనని ఇప్పుడు నిరూపించే దారి లేదు. రికార్డు యంత్రం లేని రోజులవి.

అక్షరాల లెక్క

రికార్డు యంత్రం వచ్చాక కథ మారింది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన భాషా శాస్త్రజ్ఞుడు విలియం సమరిన్ పలు దేశాల్లో అన్యభాషల ప్రార్థనలు సేకరించి, అక్షరం అక్షరం విడదీసి, 1972లో పుస్తకం వేశాడు. విన్నప్పుడు అది అచ్చం భాషలా ఉంటుంది. ఎత్తుపల్లాలు ఉంటాయి, విరామాలు ఉంటాయి, ప్రశ్నలా లేచి జవాబులా దిగే వాక్యాలు ఉంటాయి. కానీ పదాలు లేవు. ఈ ధ్వనికి ఈ అర్థం అనే కట్టుబాటు లేదు. కొన్ని అక్షరాలే తిరిగి తిరిగి, క్రమం మారి వస్తుంటాయి.

ఇంకొక సంగతి కూడా ఆయన గమనించాడు. ఆ అక్షరాలు మాట్లాడేవారి నాలుకకు అలవాటైనవే. ఇంగ్లీషువాడి అన్యభాషలో ఎక్కువగా ఇంగ్లీషు ధ్వనులే, అవీ తేలిక చేసినవి. ఒక హల్లు, ఒక అచ్చు, మళ్లీ ఒక హల్లు, ఒక అచ్చు. ఆరేడు నెలల పసిపిల్లలు 'బబబ, దదద, తాతాతా' అంటారే, అదే తీరు.

దీన్ని మన నేల మీద పరీక్షించాలంటే చేతికి అందే సాధనం ఒకటి కడప జిల్లాలోనే ఉంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల గుడిలో దొరికిన క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల శాసనం, మనకు తెలిసిన తొలి తెలుగు శాసనాల్లో ముఖ్యమైనది. అందులో బండి 'ఱ' ఉంది. ఆనాడు దానికీ, మామూలు 'ర'కూ పలకడంలో తేడా ఉండేది. రేనాటి శాసనాల్లో తమిళుల 'ఴ' లాంటి ధ్వనికి కూడా విడిగా ఒక అక్షరం ఉండేది. ఈ పద్నాలుగు శతాబ్దాల్లో అదే నేల మీది నాలుకలు ఆ రెండు ధ్వనులనూ పోగొట్టుకున్నాయి. ఇప్పుడు కలమళ్ల పరిసరాల్లో ఎవరైనా అన్యభాషల్లో ప్రార్థించేటప్పుడు, తమిళం ఎప్పుడూ వినని మనిషి నోట ఆ 'ఴ' స్పష్టంగా, పదే పదే వస్తే అది ఆశ్చర్యపడవలసిన విషయమే. సమరిన్ గమనించినది నిజమైతే అలా రాదు. వచ్చేవి తెలుగు నాలుక రోజూ తిప్పే ధ్వనులు, వాటితో పాటు కర్నూలు, కడప వీధుల్లో అందరి చెవినా పడే ఉర్దూ 'ష'లు, ఆదోని, హొళగుంద వైపైతే కన్నడ ఛాయలు. మాటలు ఎక్కువగా అచ్చులతో ముగియడం మన భాష స్వభావం కాబట్టి, తెలుగువారికి ఈ హల్లు-అచ్చు వరస ఇంకా సులువు. ఒక సెల్‌ఫోన్ రికార్డరు, ఓపిక ఉన్న ఒక భాషా శాస్త్ర విద్యార్థి, సంఘం అనుమతి, ఈ మూడూ చాలు ఈ పరీక్షకు.

అర్థం లేకుండా అక్షరాలు వల్లించడం మనకు కొత్తేమీ కాదు. వీణ మీద తానం, నాట్యంలో జతులు, ఉయ్యాల దగ్గర లాలి, చెక్కభజన గురువు నోటి తాళం, ఇవన్నీ అర్థంతో కాక లయతో నడిచే పలుకులే. పిల్లలు ఆడుకునే 'క' భాష మాత్రం వేరు. అక్కడ ప్రతి అక్షరానికి ముందు 'క' తగిలించినా లోపల తెలుగు మాట భద్రంగా ఉంటుంది, తాళం తెలిసినవాడు విప్పుకుంటాడు. అన్యభాషల్లో విప్పుకోవడానికి లోపల దాచిన మాట ఏదీ దొరకలేదు.

నేర్చుకుంటే వస్తుందా?

కెనడాలో నికొలస్ స్పానోస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1986లో ఈ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికాడు. అన్యభాషలతో పరిచయం లేని 60 మందిని పోగుచేశాడు. అసలైన ప్రార్థన రికార్డు ఒకటి ఒక్క నిమిషం వినిపించి, మీరూ ప్రయత్నించండి అన్నాడు. వాళ్లలో సుమారు ఐదోవంతు మంది అక్కడికక్కడే ధారాళంగా పలికారు. మిగతావాళ్లలో కొందరికి చిన్న శిక్షణ ఇస్తే, శిక్షణ పొందినవాళ్లలో దాదాపు 70 శాతం మంది పలకగలిగారు. భక్తి లేదు, ఉపవాసం లేదు, పూనకం లాంటి స్థితి లేదు.

దీని నుంచి 'అయితే సంఘంలో అందరూ నటిస్తున్నారు' అనే నిర్ణయానికి దూకడం తప్పు. ఏడుపు నటించగలిగినంత మాత్రాన ప్రపంచంలో ఏడుపులన్నీ నటన అయిపోవు. స్పానోస్ ప్రయోగం చెప్పినది ఒక్కటే: ఈ సామర్థ్యం మామూలు మనిషి నోటికి, మెదడుకు ముందే ఉంది. దాన్ని బయటికి తెచ్చేది వినికిడి, అనుకరణ, అనుమతి.

అనుమతి అనే మాట దగ్గర కాస్త ఆగాలి. పెద్దయ్యాక మనం అర్థంలేని ధ్వని ఒక్కటి కూడా నలుగురిలో చేయం. సిగ్గు అడ్డం వస్తుంది. చుట్టూ యాభై మంది కళ్లు మూసుకుని గొంతెత్తినప్పుడు, డోలక్ దెబ్బకు ఒళ్లు ఊగినప్పుడు, ఎవరూ మనల్ని చూడనప్పుడు, చూసినా మెచ్చుకునేవాళ్లే ఉన్నప్పుడు ఆ అడ్డు తొలగిపోతుంది. రోజంతా ఎవరి మాటో వినడమే తప్ప తన మాట వినేవారు లేని ఆడమనిషికి అది ఎంత పెద్ద విడుదలో ఊహించవచ్చు.

మెక్సికోలో, అమెరికాలో రికార్డులు చేసిన మానవ శాస్త్రజ్ఞురాలు ఫెలిసిటాస్ గుడ్‌మన్ ఇంకో చమత్కారం కనిపెట్టింది. ఒక సంఘంలోని వాళ్ల అన్యభాషలు, వాళ్లను నడిపించిన బోధకుడి అన్యభాషను పోలి ఉంటాయి. ఆమె మటుకు ఇదంతా ఒక పరవశ స్థితి వల్లే పుడుతుందని వాదించింది. సమరిన్ ఒప్పుకోలేదు. వంట చేస్తూ, కారు నడుపుతూ నిమ్మళంగా అన్యభాషల్లో ప్రార్థించేవాళ్లు చాలామంది ఉన్నారని చూపించాడు. ఈ తగవులో సమరిన్ వైపే సాక్ష్యం ఎక్కువ.

నుదుటి వెనుక నీళ్లు తగ్గాయి

ఇక మెదడు లోపలికి. మామూలుగా మనం ఒక వాక్యం పలకాలంటే మెదడులో పని వరసగా సాగుతుంది. ఏం చెప్పాలో అనుకోవడం, దానికి మాటలు ఏరుకోవడం, మాటలను అక్షరాలుగా పేర్చడం, ఆ అక్షరాలకు తగ్గట్టు నాలుక, పెదవులు, గొంతు కండరాలను కదిలించడం. మొదటి రెండు పనులకు నుదుటి వెనుక భాగం, కణతల దగ్గరి భాగం ముఖ్యం. చివరి రెండూ ఏళ్ల అలవాటుతో దాదాపు వాటంతటవే సాగిపోతాయి.

రాత్రి సంత నుంచి తిరిగొచ్చే ఎద్దుల బండి గుర్తుందా? బండివాడు కునుకు తీసినా ఎద్దులు ఇంటి దారి పట్టుకుని నడుస్తూనే ఉంటాయి. అన్యభాషల్లో జరిగేది ఇలాంటిదేనా అని చూడటానికి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం ప్రయత్నించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. ఏళ్లుగా అన్యభాషల్లో ప్రార్థిస్తున్న, మానసిక ఆరోగ్యం బాగున్న ఐదుగురు మహిళలను తీసుకున్నారు. ఒకసారి భక్తి పాటలు పాడించారు, ఒకసారి అన్యభాషల్లో ప్రార్థించమన్నారు. రెంటిలోనూ సంగీతం ఉంది, ఒళ్లు ఊగడం ఉంది, దైవం మీద మనసు ఉంది. తేడా పలుకులోనే.

పాటతో పోలిస్తే అన్యభాషల వేళ నుదుటి వెనుక భాగానికి రక్త ప్రవాహం తగ్గింది. ఏం చెప్పాలో నిర్ణయించి, మనల్ని మనం అదుపులో ఉంచుకునే భాగం అది. 'నేను మాట్లాడటం లేదు, నా ద్వారా వస్తోంది' అని ఆ మహిళలు చెప్పుకున్న మాటకు ఈ చిత్రం సరిపోయింది. అలవాట్లతో, ఉద్వేగాలతో సంబంధం ఉన్న కాడేట్ అనే లోపలి భాగంలోనూ ఎడమవైపు ప్రవాహం తగ్గింది. ఉద్వేగానికి కేంద్రమైన బాదం గింజంత అమిగ్దలాలో కుడివైపు పెరిగింది. అంతకు ముందు ఇదే శాస్త్రజ్ఞుడు టిబెట్ బౌద్ధుల ధ్యానాన్ని, ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల జపాన్ని స్కాన్ చేస్తే నుదుటి వెనుక భాగం ఎక్కువగా పనిచేస్తూ కనిపించింది. ధ్యానంలో మనసును ఒకచోట గట్టిగా పట్టి ఉంచుతారు, అన్యభాషల్లో పట్టు వదిలేస్తారు. రెండూ ప్రార్థనలే, మెదడు చేసే పని మాత్రం ఎదురెదురు.

బాక్స్: స్కాన్ ఎలా తీస్తారు?

ఊగుతూ ప్రార్థించే మనిషిని యంత్రంలో పడుకోబెట్టలేం. అందుకే న్యూబర్గ్ బృందం స్పెక్ట్ అనే పద్ధతి వాడింది. చేతి నరానికి ముందే సన్నని గొట్టం అమర్చి ఉంచుతారు. ప్రార్థన మంచి ఊపులో ఉండగా దాని గుండా, అతి కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కిస్తారు. ఆ మందు రక్తంతో మెదడుకు చేరి, ఆ క్షణాన ఎక్కడ ప్రవాహం ఎక్కువుంటే అక్కడ ఎక్కువగా అంటుకుని ఉండిపోతుంది. ప్రార్థన అయ్యాక నిదానంగా పడుకోబెట్టి ఫొటో తీస్తారు.

కేసీ కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఇది సులభంగా అర్థమవుతుంది. రాత్రి ఏ తూము తెరిచారో చూడకపోయినా, పొద్దున ఏ మడి తడిసిందో చూస్తే తెలిసిపోతుంది. స్పెక్ట్ చూసేది తడిసిన మడిని. ఆ నీళ్లు పెట్టమన్నది ఎవరో అది చెప్పదు.

ఈ పరిశోధనకు ఉన్న పరిమితి కూడా చెప్పాలి. ఐదుగురంటే చాలా తక్కువ. అన్యభాషలు రాని వాళ్లతో పోల్చలేదు. పైగా నుదుటి వెనుక భాగం నెమ్మదించడం అన్యభాషలకే ప్రత్యేకం కూడా కాదు. 2008లో చార్లెస్ లిమ్, ఆలెన్ బ్రౌన్ ఆరుగురు జాజ్ పియానో కళాకారులను స్కానర్‌లో ఉంచి అప్పటికప్పుడు మనోధర్మంతో వాయించమన్నారు. వాళ్లలోనూ తనను తాను తూచి చూసుకునే నుదుటి పక్క భాగాలు నెమ్మదించాయి. రాగాలాపనలో మునిగిన గాయకుడు 'నేను పాడలేదు, రాగమే పాడించింది' అనడం మనం వినే మాటే కదా.

పూనకం వేరు, ఇది వేరు

రాయలసీమలో దీన్ని చూసి 'గంగమ్మ పూనినట్టే' అనేవాళ్లు చాలామంది. లక్కిరెడ్డిపల్లె దగ్గర అనంతపురం గంగమ్మ జాతరలో, పల్లెల పీర్ల పండుగలో నిప్పుల గుండం ముందు, ఒంటి మీదికి స్వామి రావడం ఈ సీమకు నిత్యానుభవం. దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరం ముగిశాక మాళ మల్లేశ్వరుడి పూజారి ఆ ఏటి వానలు, పంటల గురించి భవిష్యవాణి చెబుతాడు.

పోలిక పైపైనే. పూనకంలో గణాచారి నోట వచ్చేది అర్థమున్న మాట. ఊరికి ఏం కావాలో, ఎవరు ఏం తప్పు చేశారో దేవత తరఫున చెబుతుంది. అక్కడ మారేది మాట్లాడే వ్యక్తి, భాష కాదు. తర్వాత తనకేమీ గుర్తులేదనడం మామూలు. అన్యభాషల్లో వ్యక్తి మారదు, భాష మారుతుంది. చాలామందికి అంతా గుర్తుంటుంది, కావాలనుకుంటే మధ్యలో ఆపగలరు. డప్పు, ఉపవాసం, నిద్రలేమి, గుంపు వేడి, వేగంగా ఊపిరి తీయడం వంటివి మాత్రం రెంటికీ ఉమ్మడి. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు రక్తనాళాలు కాస్త కుంచించుకుంటాయి. తల తేలిపోయినట్టు, వేళ్లు తిమ్మిరెక్కినట్టు అనిపిస్తుంది. ప్రార్థనలో వేళ్లు వణకడానికి ఇదొక కారణం కావచ్చు.

అందరికీ ఎందుకు రాదు? స్టాన్‌ఫర్డ్ మానవ శాస్త్రజ్ఞురాలు ట్యాన్యా లుర్మన్ అమెరికాలోనే కాక చెన్నై, ఘనా సంఘాల్లోనూ విశ్వాసుల అనుభవాలు సేకరించింది. ఆమె తేల్చినది: కథ చదువుతూ, పాట వింటూ, సాయంత్రం ఆకాశం చూస్తూ ఇట్టే లీనమైపోయే స్వభావం కొందరికి ఎక్కువ. అలాంటివారు ప్రార్థనను అభ్యాసం చేస్తే అనుభవాలు గాఢంగా వస్తాయి. స్వభావం ఉంటేనే చాలదు, అభ్యాసం కావాలి. అభ్యాసం ఒక్కటే ఉన్నా అందరికీ సమానంగా ఫలించదు. 2006లో ప్యూ సంస్థ పది దేశాల్లో సర్వే చేస్తే, ఆరు దేశాల్లో పెంతెకొస్తు విశ్వాసుల్లో పదిమందిలో నలుగురికి మించి తామెప్పుడూ అన్యభాషల్లో ప్రార్థించలేదన్నారు. 'నీకింకా భాషలు రాలేదా' అన్న ప్రశ్నకు తల దించుకునే పిల్లలు ఈ లెక్క తెలుసుకోవాలి. రాకపోవడం భక్తిలో లోపం కాదు.

ఒకే టేపు, వేర్వేరు అర్థాలు

అన్యభాషలకు అర్థం చెప్పే వరం ఉన్నవాళ్లూ సంఘాల్లో ఉంటారు. కొరింథు సంఘానికి రాసిన లేఖలో పౌలు కూడా ఇద్దరు ముగ్గురికి మించి మాట్లాడవద్దని, అర్థం చెప్పేవారు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండమని కట్టడి చేశాడు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ కిల్డాల్ ఒకే రికార్డును వేర్వేరు వ్యాఖ్యాతలకు విడివిడిగా వినిపించాడు. ఒకరు చెప్పిన అర్థం ఇంకొకరితో కలవలేదు. ఆఫ్రికాలో పెరిగిన ఒక వ్యక్తి తనకు తెలిసిన అక్కడి భాషలో ప్రభువు ప్రార్థన చెబితే, వ్యాఖ్యాత అది క్రీస్తు రెండో రాకడ గురించి అన్నాడు. కిల్డాల్ ఇంకో విషయం కూడా నిజాయితీగా రాశాడు: అన్యభాషల్లో మాట్లాడేవాళ్లలో మానసిక రోగం మిగతావాళ్ల కన్నా ఎక్కువేమీ లేదు. బ్రిటన్‌లో 991 మంది పాస్టర్లను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలోనైతే, అన్యభాషలు మాట్లాడేవాళ్లే మనసు నిలకడలో ఒక మెట్టు పైన కనిపించారు.

ఆత్మా? మెదడా?

ఈ ప్రశ్నను ఇలా రెండు ముక్కలు చేయడంలోనే చిక్కుంది. అమ్మ కలిపి పెట్టిన సంగటి రుచి నాలుక మీది మొగ్గల పని. ఆ మాట నిజమైనంత మాత్రాన అమ్మ లేదని కాదు, ఉందని కూడా కాదు. మెదడులో జరిగేదంతా కనిపెట్టినా దాని వెనుక దైవం ఉందా లేదా అన్నది స్కానర్‌కు దొరకదు. న్యూబర్గ్ కూడా ఆ మాటే చెప్పాడు.

కానీ పరీక్షకు లొంగే మాటలు కొన్ని ఉన్నాయి. ఇది బెంగాలీ అంటే బెంగాలీ వాడిని పిలవవచ్చు. దీని అర్థం ఇదీ అంటే ఇద్దరు వ్యాఖ్యాతలను విడివిడిగా అడగవచ్చు. ఇది బయటి నుంచి వస్తే తప్ప మనిషికి సాధ్యం కాదంటే, అన్యభాషలతో పరిచయం లేనివాళ్లకు శిక్షణ ఇచ్చి చూడవచ్చు. ఈ మూడూ చేసి చూశారు. మూడింటా వచ్చిన జవాబు ఒకటే: మామూలు మెదడు, మామూలు నాలుక, నేర్చుకున్న అలవాటు చాలు. అన్యభాషలు సహజ ప్రక్రియ. ఆ సహజ ప్రక్రియలో తనకు దేవుడు దగ్గరయ్యాడని ఒక విశ్వాసి అంటే, అది ఆ మనిషి హృదయ సంగతి. దాన్ని ఎగతాళి చేసే హక్కు ఏ స్కానూ ఎవరికీ ఇవ్వదు.

బాక్స్: ప్రార్థన కాదు, పక్షవాతం కావచ్చు

అర్థంలేని మాటలు ధారాళంగా రావడానికి ఇంకో కారణం ఉంది. అది ప్రమాదకరమైనది. 1874లో కార్ల్ వెర్నికె అనే జర్మన్ వైద్యుడు, ఎడమ కణత లోపలి భాగం దెబ్బతిన్న రోగులు గడగడా మాట్లాడతారని, కానీ ఆ మాటల్లో అర్థం ఉండదని, ఎదుటివాళ్ల మాట కూడా వాళ్లకు అర్థం కాదని రాశాడు. మెదడులో రక్తనాళం పూడుకుపోయినప్పుడు ఇది ఉన్నట్టుండి వస్తుంది. 'దేవుడు మాట్లాడిస్తున్నాడు', 'గాలి సోకింది' అని ఇంట్లోవాళ్లు ఆగిపోతే విలువైన సమయం పోతుంది.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ప్రార్థనలో అన్యభాషలు మాట్లాడిన మనిషి అది ముగిశాక మొహం తుడుచుకుని బస్సు సంగతి అడుగుతుంది, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. పక్షవాతం వచ్చిన మనిషి సాధారణంగా అలా వెంటనే తెలుగులోకి తిరిగి రాలేడు. మూతి ఒకవైపు వంకరపోవడం, ఒక చేయి పైకి లేవకపోవడం, మాట ముద్దగా గానీ అర్థంలేకుండా గానీ రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. లక్షణం మొదలైన సమయం గడియారం చూసి గుర్తు పెట్టుకోవాలి.

పూడుకుపోయిన రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్, సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.